పంకా తాడు

కాజీపేట రైల్వే కాలనీ వెనుక
జాదూఘర్ అనేటోళ్ళు ఆ బంగ్లాను.
కిటికీలుండె గని తెరిచేది లేదు.
గోడకు ఒక బొక్క,
తాడు పట్టేంత.

తాడు ఇవతలి కొస
మా తాత ఓదెలు కాలి బొటనవేలికి.
అవతలి కొసకు దొరల గాలి.

బేస్తవారం రాత్రి, లోకో షెడ్డు కూత కూసినంక
ఏడుగురు వచ్చేది. నల్లటి అంగీలు,
ఎండకాలం గూడ చేతులకు తొడుగులు.
తలుపు మీద మూడు దెబ్బలు, జరసేపు ఆగి, మళ్ళ రెండు.
ఒక మాట చెప్తెనే గడియ తీసేది.
ఆ మాట చెవుల పడొద్దని
పంకా గుంజేటోన్ని బయట కూసోబెట్టిండ్రు గని
బొక్క గూడ చెవే గదా.

లోపల ఏం జరిగేదో
తొంభై ఏండ్లకు నా తరాజు మీదికొచ్చింది.
రద్దీ కాగితాల దుకాణం నాది, కిలో పన్నెండు.
బంగ్లా కూలగొట్టిన మేస్త్రి
ఒక ట్రంకు పెట్టె తెచ్చి బోర్లిచ్చిండు.
సగం చెదలు చదివినయి,
సగం, డిగ్రీ ఇడిసిపెట్టిన నేను.

మ్యూనిక్ ముద్ర పడ్డ ఉత్తరాలు.
మంచుల మునిగిన ఒక దేశం పటం.
అక్కడి నుంచే దిగొచ్చినమని రాసుకున్నరు,
ఉత్తర నక్షత్రం కింద పుట్టిన తెల్ల జాతి,
దేవుని ఒంటి వెలుగు ఇంకా వాళ్ళ తోలుల ఉన్నదట.
రోళ్ళు పగిలే రోహిణి కార్తెల
నా తాత వేలు ఆగితే సోయి తప్పే మనుషులు
మంచు పుట్టుకను పొగుడుకున్నరు.

పటం మూలకు ఒక గుర్తు.
మండి సేటు దివిలె నాడు ఖాతా మీద
కుంకుమతో గీసేదే,
కాకుంటే ఒక పక్కకు ఒరిగింది
ఎవరినో తొక్కనీకి కాలెత్తినట్టు.

ఇంకో కాగితంల నాలుగు తలకాయలు, మెట్ల మీద.
పై మెట్టు తల సుట్టూ కిరణాలు.
కింది మెట్టు తలకు మొకం లేదు, కొలత ఉంది.
కొలత పక్కన పెన్సిల్‌తోని:
ఓదెలు, పంకా.

తాత చెప్పిండు ఒకపారి నవ్వుకుంట,
ఇనుప కొంకి తెచ్చి నా తల పట్టిండు బిడ్డా దొర,
పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు.
రెండణాలిచ్చిండు, హాలీ సిక్కా.
మీ నాయినమ్మకు గాజులొచ్చినయి.

కొలతలు రాసింది హెడ్ క్లర్క్ నరహరి పంతులు.
చేతిరాత ముత్యాలు.
దొరలు ఆయనను ఆర్య సోదరా అన్నరట,
రెండో మెట్టు మీద ఆయన తలకాయ.
ఆ ఒక్క మాటకు ఆరేండ్లు జీతం లేని కొలువు.
వాళ్ళు బల్ల సుట్టూ కూసుంటే
ఆయన నిలబడే రాసిండు.
ఇంటికి పోంగ తాత ఎదురైతె పక్కకు జరిగేటోడు.
ఆ దూరం కొలవనీకి ఏ దొరా కొంకి తేలేదు,
అది ముందుగాల్నే కొలిచి ఉండె.

జర్మనీల తర్వాత ఏమైందో
బడిల చదివింది యాదికున్నది.
తలలు కొలిచి, తలలు లెక్కబెట్టి,
పొగగొట్టాలు కట్టిండ్రు.
ఇక్కడ బంగ్లాకు తాళం పడ్డది, గంతే.

మొన్న హన్మకొండ నుంచి ఒక పిలగాడు,
ముంజేతి మీద పచ్చబొట్టు, ఆ ఒరిగిన గుర్తే.
పటానికి ఐదువేలిస్తనన్నడు.
ఇది మన రక్తం రహస్యం ఆంటీ, అన్నడు.
మన అన్నప్పుడు నా మొకం చూడలె.

తరాజుల పెట్టిన.
నాలుగు తలకాయలు, ఒక మంచు దేశం,
మొత్తం మూడు వందల నలభై గ్రాములు.
నాలుగు రూపాయల మాల్ ఇది,
అమ్మేది లేదన్న.

పోనీ ఆ మాటన్న చెప్పు, తలుపు తీసే మాట,
కాగితంల అక్కడ చెదలు తిన్నయి, అన్నడు.

నాకెరుకే.
రైల్వే కొలువు పోయినంక మా తాత
మడికొండ గుట్ట కింద మేకలు కాసిండు.
పొద్దూకంగ
ఆ మాట పెట్టే పిలిచేటోడు.
ఏడు మేకలు
చెవులు నిక్కబొడిచి, ఒకదాన్నొకటి నూకుకుంట
దొడ్లెకు వచ్చేటియి.